సీతాఫలాల చిత్రంలో నల్లని నేపథ్యం నెర్రెలు బారింది: కారణం, మరమ్మతు

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి):
పెద్దలకు నమస్కారం. నేను రెండేళ్లుగా తైలవర్ణాలతో నిశ్చల చిత్రాలు వేస్తున్నాను. కిందటి దసరా రోజుల్లో సంత నుంచి తెచ్చిన నాలుగు సీతాఫలాలను, ఒక ఇత్తడి చెంబును ఉత్తరపు కిటికీ పక్కన బల్లపై అమర్చి చిత్రించాను. నేపథ్యానికి మొదట నల్లరంగైన ఐవరీ బ్లాక్‌లో అవిసె నూనె ధారాళంగా కలిపి పూశాను. పది రోజులకు చేతికి అంటడం లేదనిపించి, దానిపై టర్పెంటైన్‌తో పలచన చేసిన బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు వేశాను. నాలుగు నెలలు గడిచేసరికి చెంబు వెనుక భాగమంతా ఎండిన చెరువులోని రేగడిలా నెర్రెలు బారింది. మిగిలిన నేపథ్యం మెరుపు పోయి సుద్దలా కనిపిస్తున్నది. పండ్ల మీద మాత్రం ఒక్క పగులూ లేదు. వార్నిష్ వేస్తే సర్దుకుంటుందా?

సమాధానం (నల్లగొండ నుంచి):
అమ్మా, ఇప్పుడు వార్నిష్ వేయవద్దు. వేస్తే పగుళ్లు మరింత స్పష్టంగా కనిపిస్తాయి, పైగా అడుగు పొరకు గాలి సరిగా అందదు. నీటిరంగు నీరు ఆవిరైతే ఆరుతుంది. అవిసె నూనె అలా ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. ఐవరీ బ్లాక్ అసలే ఆలస్యంగా ఆరే రంగు, దానికి మీరు నూనె కూడా ఎక్కువ కలిపారు. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కాబట్టి అది త్వరగా బిగుస్తుంది. చేతికి అంటకపోయినా లోపల ఇంకా మెత్తగా ఉన్న నలుపు కదులుతూ ఉండగా, పైన ముందే బిగిసిన గోధుమరంగు దానితోపాటు సాగలేక చీలిపోయింది. అడుగున నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ అనే పాత పద్ధతి మీ నేపథ్యంలో తలకిందులైంది. పండ్లకు ఆ తేడా రాలేదు కాబట్టే అవి నిలిచాయి.

మెరుపు పోవడం వేరే సంగతి. పలచని పొరలోని నూనెను కింది పొర పీల్చుకున్నందువల్ల అలా అవుతుంది. పగలని చోట, రంగు పూర్తిగా ఆరిన తరువాత, మెత్తని గుడ్డతో అవిసె నూనెను నామమాత్రంగా రుద్ది, మిగులును వెంటనే తుడిచివేస్తే రంగు మళ్లీ లోతుగా కనిపిస్తుంది. పగిలిన చోట ఈ పని చేయకండి.

ప్రశ్న:
పగిలిన భాగాన్ని గీకివేయాలా? ఇంట్లో వంటకు వాడే కుసుమ నూనెతో మళ్లీ వేయవచ్చా? సీతాఫలంపై ఉండే తెల్లని బూడిద పూత కూడా నాకు సరిగా కుదరలేదు.

సమాధానం:
గీకివేయడమే మేలు. అంచున గోటితో నొక్కితే గుంట పడిందంటే లోపల ఇంకా మెత్తగా ఉన్నదని అర్థం. అటువంటి చోట రంగులు కలిపే ప్యాలెట్ నైఫ్‌ను వాలుగా పట్టి, కాన్వాసు గాయపడకుండా కొంచెం కొంచెంగా తీయండి. తరువాత మొదటి పొరగా బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరైన్ నీలం కలిపి, టర్పెంటైన్‌తో పలచగా వేయండి. ఈ కలయిక దాదాపు నలుపే, ఐవరీ బ్లాక్ కంటే ముందే ఆరుతుంది. అది ఆరాక ట్యూబులోని రంగును యథాతథంగా వాడి, చివరి పొరలో మాత్రమే ఒకటి రెండు చుక్కల నూనె కలపండి.

చిత్రకారులు తెల్లరంగుల కోసం కుసుమ నూనెను ఎంచుకోవడం నిజమే, ఎందుకంటే అది అవిసె నూనె అంత పసుపెక్కదు. అయితే అది మరింత ఆలస్యంగా ఆరుతుంది, పొర కూడా అంత గట్టిగా ఉండదు. వంటింటి సీసాను అక్కడే ఉంచి చిత్రకళకు తయారైన నూనెనే కొనండి. కొబ్బరి నూనె, ఆముదం అసలు గట్టిపడవు.

ఇక పూత సంగతి. కాయ మొత్తాన్ని ముదురు ఆకుపచ్చలో వేసి బాగా ఆరనివ్వండి. టైటానియం వైట్‌లో కొద్దిగా ఓకర్ (మట్టి పసుపు), చాలా కొద్దిగా నీలం కలిపి, పొడి కుంచెను గుడ్డకు తుడిచి, కళ్ల ఉబ్బుల మీద మాత్రమే తేలికగా లాగండి. సందుల్లోకి రంగు దిగకూడదు. ఆ సన్నని తెలుపు వెనుక నుంచి పచ్చదనం కనిపిస్తేనే కాయ కాయలా ఉంటుంది. ఫ్రెంచి చిత్రకారుడు షార్డాఁ (1699–1779) వేసిన పండ్ల బొమ్మలను దగ్గరగా పరిశీలించండి, పొరల వెనుక పొరలు ఎలా పలుకుతాయో తెలుస్తుంది. కాయ రెండు మూడు రోజుల్లోనే మెత్తబడి కళ్లు విచ్చుకుంటుంది కాబట్టి గీతలు, వెలుగునీడలు మొదటి రోజే పూర్తి చేయండి.

మరొక్క మాట, దీన్ని దయచేసి తేలికగా తీసుకోకండి. నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్లు పోసిన మూతగల రేకు డబ్బాలో వేయండి, లేదా ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టండి.