అప్‌డేట్: నాన్న ఫోటోలో ఉన్న యుద్ధనౌక ఏదో తేలింది

90ల్లో విశాఖ రేవులో తీసిన నాన్న ఫోటో పెట్టి, వెనకున్న యుద్ధనౌక డిస్ట్రాయరా, లేక సాధారణంగా దానికంటే కాస్త చిన్నదైన ఫ్రిగేటా, పేరేమిటని ఇక్కడ అడిగాను. అది డిస్ట్రాయరే, ఐఎన్ఎస్ రాజ్‌పుత్. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

ఓడ పక్కన రాసిన నంబరు చూడమన్న సలహా పనిచేసింది. మన నేవీలో డి డిస్ట్రాయర్‌కి, ఎఫ్ ఫ్రిగేట్‌కి. ఫోటోలో డి, 5 కనబడుతున్నాయి, తర్వాతి అంకె నాన్న భుజం చాటున ఉండిపోయింది. డి51 నుంచి డి55 దాకా రాజ్‌పుత్, రాణా, రంజిత్, రణ్‌వీర్, రణ్‌విజయ్, ఐదూ ఒకే తరగతి, అంటే ఒకే నమూనాలో కట్టినవి, కాబట్టి చూసి పోల్చలేం. అందుకే కావలి ఇంట్లో అటక మీది ట్రంకుపెట్టె దించాం. నాన్న నేవీ సర్వీసు కాగితాల్లో రాజ్‌పుత్ పేరు స్పష్టంగా ఉంది. ఒంగోలులో ఉంటున్న ఒక రిటైర్డ్ నేవీ పెద్దాయన కూడా చూసి ఖాయం చేశారు.

ఓడ పొడవు అంచనా వేయడం, ఫిరంగులు లెక్కపెట్టడం లాంటి మిగతా సలహాలు అక్కరకు రాలేదు. 1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథలో వచ్చే రాజ్‌పుత్ వేరు. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ డిస్ట్రాయర్, 1949లో మనకొచ్చింది. నాన్న పనిచేసింది 1980లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చినదాంట్లో. 2021 మేలో విశాఖలోనే దాన్ని సర్వీసు నుంచి తప్పించారు.

అసలు డిస్ట్రాయర్లను 1890ల్లో బ్రిటన్ కట్టింది, పెద్ద నౌకల మీదికి టార్పెడోలతో (నీళ్లలో దూసుకెళ్లి పేలే ఆయుధాలు) దూసుకొచ్చే చిన్న పడవల్ని వేటాడటానికి. జలాంతర్గాముల్ని, విమానాల్ని ఎదుర్కొనే పని తర్వాత వచ్చి చేరింది. ఈ సంగతి చెప్పినవాళ్లకు మరీ మరీ థ్యాంక్స్, అమ్మకు చదివి వినిపించాను.