స్పానిష్ క్లాసులో ‘దియా దె లోస్ ముయెర్తోస్’ ఎలా చెప్పాలి?

నమస్తే అండీ. టెక్సస్‌లో ఒక హైస్కూల్లో రెండో ఏడాది పిల్లలకి స్పానిష్ చెప్తాను. నవంబర్ 1, 2 తేదీల్లో మెక్సికో వాళ్లు పోయినవాళ్లని తలుచుకుంటూ చేసుకునే పండగ గురించి సలహా కావాలి.

పోయినేడు కాగితపు పుర్రెలకి రంగులు వేయించాను. సగం మంది హాలోవీన్ అనుకున్నారు. మెక్సికన్ కుటుంబం నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం రంగు పెన్సిల్ ముట్టుకోలేదు. "మా ఇంట్లో బల్ల మీద అబువేలా (స్పానిష్‌లో అమ్మమ్మ లేదా నానమ్మ) ఫొటో, ఆవిడకి ఇష్టమైన కాఫీ పెడతాం. ఇలా ఆడుకోం" అంది. తల కొట్టేసినట్టయింది. పెద్దల అమావాస్యకి తాతయ్యకి ఇష్టమని గారెలు వండిన ఇంట్లో పుట్టి, నాకే తట్టలేదు చూడండి!

ఈసారి క్లాసులోనే ఆ బల్ల, ఒఫ్రెండా, పెట్టాలని ఉంది. బంతిపూలు, పాన్ దె ముయెర్తో అనే తీపి రొట్టె, జాలీలా కత్తిరించిన రంగు కాగితాలు. ఒక్కొక్కరూ పోయినవాళ్ల గురించి రెండు వాక్యాలు రాయాలి. "ఆ మి అబువేలో లె గుస్తాబా ఎల్ కఫే", మా తాతకి కాఫీ ఇష్టంగా ఉండేది, అన్నట్టు. నేను నేర్పాల్సిన భూతకాలం అందులోనే వచ్చేస్తుంది.

టెన్షన్ ఎక్కడంటే, ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలుంటే? వాళ్లని మెక్సికన్ చిత్రకారిణి ఫ్రీడా కాలో గురించో, చనిపోయిన పెంపుడు కుక్క గురించో రాయమనొచ్చా? ఇది పూజలా ఉందని తల్లిదండ్రులు అభ్యంతరం చెప్తే, 2008 నుంచి యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఉందని చూపిస్తే సరిపోతుందా? నాకున్నది రెండు పీరియడ్లే. ఇలాంటిది చేసినవాళ్లుంటే చెప్పండి, ప్లీజ్.