మాయాబజార్‌కు మరాఠీ సబ్‌టైటిల్స్: గింబళిని, తసమదీయులను ఏం చేద్దాం?

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
అందరికీ నమస్తే. సంక్రాంతికి ఇక్కడ తెర కట్టి మాయాబజార్ (1957) వేస్తున్నాం. వచ్చేవాళ్లలో సగం మందికి ఇంట్లో తెలుగే గానీ చదువంతా మరాఠీలో. మిగతావాళ్లు అచ్చంగా మరాఠీవాళ్లు. అందుకని మరాఠీలో సబ్‌టైటిల్స్ రాస్తున్నాం. కథతో పేచీ లేదు, వత్సలాహరణం అంటే ఈ వైపు అందరికీ తెలుసు. పింగళి నాగేంద్రరావు గారి మాటల దగ్గరే బండి ఆగిపోతోంది. అసమదీయులు–తసమదీయులు, దుషట చతుషటయం, గిల్పం–గింబళి, వీరతాడు, ఆ గోంగూర. ‘మనవాళ్లు, వాళ్లవాళ్లు’ అని మరాఠీలో పెడితే అర్థమైతే వచ్చింది, నవ్వు రాలేదు. ఒక్కో మాటకు ఏది నిలబడుతుందో చెప్పగలరా?

రాజురా రాతగాడు:
అన్నా, గింబళి అన్నిటికన్నా తేలిక. భయపడకండి. తెలుగులో జంటమాటకు మొదటి అక్షరం తీసేసి గి, గీ పెడతాం కదా: పని గిని, చాయ్ గీయ్. మరాఠీలో అదే పని ‘బి’ చేస్తుంది: చహా బిహా, పాణీ బిణీ. కాబట్టి కంబళి–గింబళికి ‘ఘోంగడీ–బింగడీ’, తల్పం–గిల్పానికి ‘పలంగ్–బిలంగ్’. రెండూ చెవికి పుట్టుమరాఠీలాగే ఉంటాయి.

ఒక్క జాగ్రత్త. మామూలుగా ‘గిని’కి సొంత అర్థం ఉండదు, ‘వగైరా’ అనడమే. సినిమాలో చమత్కారం ఏమిటంటే ఆ ఉత్త తోకమాటకు ఒక వస్తువు దొరికింది. విడిదిలో పండితులిద్దరినీ తిప్పలు పెట్టే మాయసామాను అది. అందుకని మొదటిసారి జంటగా ‘ఘోంగడీ–బింగడీ’ అని చూపించి, తర్వాత ‘బింగడీ’ ఒక్కటే వాడండి. మొదటే ‘జాదూచీ ఘోంగడీ’ అని రాశారో, అక్కడికే అయిపోయింది.

అసమదీయులకు నా ఓటు ‘ఆపలే–తాపలే’. ఆపలే అంటే మనవాళ్లు, తాపలే అంటే వేడెక్కినవాళ్లు. శత్రువులకు బాగానే అతుకుతుంది.

ధర్మాబాద్ పంతులు:
గింబళి విషయంలో రాజురా వారితో ఏకీభవిస్తాను. ఆపలే–తాపలే మాత్రం వద్దు. శ్లేష బాగుంది కానీ పాత్రను పోగొడుతుంది. ఘటోత్కచుడి ఆశ్రమంలో శిష్యులు వాడుకమాట మాట్లాడాలని చూడటం లేదు, సంస్కృతం మాట్లాడాలని చూస్తున్నారు. నోరు తిరగక జంటహల్లు విరిగిపోతోంది. అస్మదీయ కాస్తా అసమదీయ అయింది, దుష్ట కాస్తా దుషట అయింది. వ్యాకరణంలో దీన్ని స్వరభక్తి అంటారు. రత్నం రతనం కావడం, మరాఠీ పల్లెల్లో ధర్మ ‘ధరమ్’ కావడం ఇదే. కనుక మరాఠీ ప్రేక్షకుడు ఈ విరుపును పసిగడతాడు.

ఇక ‘తసమదీయ’లో రెండో మెలిక. అస్మద్ నుంచి అస్మదీయ, తద్ నుంచి తదీయ వస్తాయి. ‘తస్మదీయ’ అనే మాట సంస్కృతంలో లేదు. తస్మాత్ లాంటి మాటలు ఉండబట్టి ఉన్నట్టే వినిపిస్తుంది, అంతే. ఇప్పుడు మన పత్రికలు రాజకీయ వార్తల్లో ‘తస్మదీయులు’ అని ఒత్తు సరిదిద్ది మరీ వాడుతున్నాయి. లేని మాటకు శుద్ధరూపం కూడా దొరికింది!

కాబట్టి మీకు రెండు గుణాలూ ఉన్న జంట కావాలి: ఒకటి పండితమాట విరిగినది, రెండోది దాని ప్రాసకు పుట్టినది. మరాఠీలో ‘స్వకీయ–పరకీయ’ అందరికీ తెలిసిన జంట. స్వకీయను విరిస్తే ‘సవకీయ’. దానికి జోడీగా ‘తవకీయ’. తవ అంటే నీది కనుక అర్థం కూడా లీలగా తడుతుంది.

దుషట చతుషటయం దగ్గర ఒక గుంట ఉంది. దేవనాగరిలో యథాతథంగా రాస్తే మరాఠీవాళ్లు మధ్య అకారాన్ని మింగేస్తారు. ‘చతుషటయ’ రాస్తే ‘చతుష్టయ్’ అనే చదువుతారు. విరిచిన మాట చదవడంలో మళ్లీ అతుక్కుంటుంది, హాస్యం మాయం. దీర్ఘం పెట్టి ‘దుషాట చతుషాటయ’ అని రాయండి, అప్పుడు మింగడం కుదరదు. ‘చాండాళ చౌకడీ’ అనే మంచి జాతీయం మరాఠీలో ఉంది, దుర్యోధన, దుశ్శాసన, కర్ణ, శకునులకు సరిగ్గా సరిపోతుంది కూడా. కానీ రాక్షసుల నోట పెట్టకండి, విరగడానికి అందులో ఒత్తు లేదు. మామూలు పాత్రలు ఆ నలుగురినీ తిట్టే చోట వాడుకోవచ్చు.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
సవకీయ–తవకీయ ఖాయం, పంతులు గారూ. వీరతాడుకు మావాళ్లు ‘వీరచక్ర’ అంటున్నారు. అది ఇప్పటి సైన్యం పతకం అయిపోదా?

ధర్మాబాద్ పంతులు:
అవుతుంది. పైగా తాడు పోతుంది. ‘వీర’ అని గంభీరంగా ఎత్తుకుని ‘తాడు’ అని నేలమీద కూలేయడమే ఆ సమాసంలో ఉన్న సొగసు. తెలుగువాడికి మొలతాడు, పలుపుతాడు, ఉరితాడు అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి. ‘వీరదోర’ పెట్టండి. దోర అంటే తాడే. ‘వీరమాళా’ అంటే మళ్లీ గౌరవం ఎక్కువైపోతుంది.

ఆ పక్కనే, ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయని ఘటోత్కచుడు అడిగే చోట ‘తయార్ కరణే’ అని రాయకండి. మాటను బిడ్డగా చూసిన రూపకం అది. ‘జన్మాలా ఘాలణే’ అంటే పుట్టించడం, ‘జన్మణే’ అంటే పుట్టడం. రెండూ ఒకే వాక్యంలో పడాలి: ‘కుణీ జన్మాలా ఘాతల్యాశివాయ శబ్ద జన్మతీల కసే?’

బల్లార్షా టైమింగ్:
మాటలు కుదిరాయి గనక కొలతలు చెప్తా. వరుసకు 40 అక్షరాలు, తెరమీద రెండు వరుసలు మించొద్దు. ఎంత చిన్న మాటైనా సెకను కన్నా ముందు తీయొద్దు, ఎంత పెద్దదైనా 6 సెకన్లు చాలు. ఇక్కడ అందరూ చేసే తప్పు, ప్రశ్ననూ కొసమెరుపునూ ఒకే ముక్కలో పెట్టడం. నటుడు ‘గింబళి’ అనకముందే జనం చదివేసి నవ్వుతారు, ఆ గోలలో తర్వాతి డైలాగు వినపడదు. మాటలెలా పుడతాయనే ఘటోత్కచుడి ప్రశ్న ఒక ముక్క, వీరదోర ఇంకో ముక్క. రెండోది ఎస్వీ రంగారావు నోరు తెరిచాకే రావాలి.

టైమింగ్ మొదలుపెట్టే ముందే ఏ ప్రతి వేస్తున్నారో తేల్చుకోండి. 2010లో వచ్చిన రంగుల ప్రతిలో కొన్ని పాటలు, పద్యాలు తీసేశారు. నలుపు తెలుపుకు రాసింది దానికి పనికిరాదు. సెకనుకు 24 ఫ్రేముల ప్రతికి రాసి 25 ఫ్రేముల ప్రతికి తగిలిస్తే గంటకు 2 నిమిషాల 24 సెకన్లు తేడా వస్తుంది. మొదటి పది నిమిషాలు చూసి సరిగ్గానే ఉందనుకోకండి, చివరి రీలు కూడా చూడండి. ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ చేయకపోతే దేవనాగరి బదులు ప్రశ్నార్థకాలు పడతాయి.

రాజురా రాతగాడు:
తాపలే పోయినా బింగడీ బతికింది, చాలు. గోంగూరకు మరాఠీలో ‘అంబాడీ’ ఉంది కదా, అది పెట్టేయండి.

ధర్మాబాద్ పంతులు:
అంబాడీ సరే, దాని ముందు ‘ఆంధ్ర’ ఉండి తీరాలి. ద్వాపరయుగపు పెళ్లిలో ఆంధ్రుల పచ్చడి కూర అడగడమే అక్కడ హాస్యం. శాకంబరీదేవి ప్రసాదం అన్నది అలాగే ఉంచండి, పుష్యమాసపు శాకంబరీ పూర్ణిమ మరాఠీవాళ్లకు తెలుసు. రాసేటప్పుడు మాత్రం వాళ్ల పద్ధతిలో ‘శాకంభరీ’ అని భకారం పెట్టండి, లేకపోతే అచ్చుతప్పు అనుకుంటారు.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
అయితే ‘ఆంధ్రచీ అంబాడీ’. మా దగ్గర పుంటికూర అనేవాళ్లు తెలుగులో గోంగూర విని, మరాఠీలో అంబాడీ చదువుతారన్నమాట. మూడు పేర్లూ ఒకే కూరవి, ఫర్వాలేదు. రేపు బింగడీ సీను టైమింగ్ చేసి ఇక్కడ పెడతా, బల్లార్షా వారు ఒకసారి చూడండి.