చర్చ: మూడో బిడ్డను కనమని ఎవరు ఎవరిని అడగవచ్చు?

పెరంబూరు పెద్దాయన (12 జులై 2025, ఉదయం 6.40)
చెన్నైలోని మన తెలుగువాళ్లు ఈ విషయాన్ని నవ్వులాటగా తీసుకుంటున్నారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. నిరుడు అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఇక ఎక్కువమంది పిల్లలను కనవలసిన అవసరం వచ్చిందన్నారు. నవంబరులో అక్కడి శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న పాత నిబంధనను తీసివేసింది. ఈ మార్చిలో స్టాలిన్ గారు కూడా కొత్త దంపతులు ఆలస్యం చేయకుండా పిల్లలను కనాలన్నారు. కారణం అందరికీ తెలిసిందే. 1971లో తమిళనాడు జనాభా 4.12 కోట్లు, జార్ఖండ్‌ను మినహాయిస్తే బీహారు జనాభా 4.21 కోట్లు, లోక్‌సభలో మనకు 39, వారికి 40 స్థానాలున్నాయి. 2011 నాటికి మనం 7.21 కోట్లయితే వారు 10.41 కోట్లయ్యారు. అయినా స్థానాలు మారలేదంటే, 1976లో 42వ రాజ్యాంగ సవరణ వాటిని మారకుండా బిగించింది, ఆ బిగింపును 2001లో 84వ సవరణ 2026 తరవాతి మొదటి జనగణన వరకు పొడిగించింది. ఆ జనగణన 2027 మార్చి 1వ తేదీ లెక్కతో జరుగుతుందని గత నెలలోనే ప్రకటించారు. బిగింపు వదిలాక స్థానాలను జనాభాను బట్టి మళ్లీ పంచుతారు. మద్రాసు రాష్ట్రానికి 1962లో 41 స్థానాలుండగా 1967కు 39 అయ్యాయన్న సంగతి ఎంతమందికి గుర్తుంది? ప్రభుత్వం మాట విని కుటుంబాన్ని అదుపులో పెట్టుకున్నవాడికే చివరకు గొంతు తగ్గబోతోంది. ఒక్కరితో ఆపేస్తున్న దంపతులు ఆలోచించాలని నా మనవి.

సైదాపేట సుబ్బు (ఉదయం 7.15)
పెద్దాయన గారూ, చెన్నైలో పుట్టిన మన పిల్లలు తమిళనాడు లెక్కలోకి వెళ్తారు. నాయుడు గారి మాట విని కంటే లాభం స్టాలిన్ గారికి.

అంబత్తూరు లెక్కలు (ఉదయం 8.02)
మూలంలోనే పొరపాటు ఉంది. ఇప్పుడు పుట్టే బిడ్డకు ఓటు 2043లో వస్తుంది. 2027 జనగణనకూ ఆ బిడ్డకూ సంబంధం ఏమిటి?

పెరంబూరు పెద్దాయన (ఉదయం 8.20)
స్థానాలు జనాభాను బట్టి పంచుతారు, ఓటర్లను బట్టి కాదు. ఉయ్యాలలో ఉన్న బిడ్డ కూడా ఒక తలే.

అంబత్తూరు లెక్కలు (ఉదయం 8.31)
ప్రజాప్రతినిధిని ఎన్నుకునేది ఓటరు. ఓటు లేనివారిని లెక్కించి ప్రతినిధులను పంచడం తర్కానికి నిలవదు కనుక మీరు చెప్పేది సరైనదై ఉండదు.

వేళచ్చేరి వనజ (ఉదయం 11.05)
ఉయ్యాల ఊపేది ఎవరన్న ప్రశ్న ఇంతవరకు రాలేదు కనుక నేను అడుగుతున్నాను. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల చొప్పున సెలవు ఇస్తుంది, మూడో బిడ్డకు 12 వారాలే. ముగ్గురిని కనమని వేదికల మీద చెప్పేవారు నావంటి ప్రైవేటు ఉద్యోగినికి మూడోసారి సగం సెలవు కూడా మిగల్చని చట్టాన్ని అలాగే ఉంచారు. యాభైమంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని అదే చట్టం చెబుతుంది. నేను పనిచేసిన సంస్థలో రెండో అంతస్తులో దానికి బోర్డు కూడా ఉండేది. తలుపు తీస్తే విరిగిన కుర్చీలు, పాత ప్రింటర్లు, దీపావళికి కట్టి విప్పిన తోరణాలు కనిపించేవి. మా అత్తగారు పిల్లలను తాను చూసుకుంటానని మాట ఇచ్చి, మూడు నెలలు ఉండి, మోకాళ్ల నొప్పులని ఒంగోలు వెళ్లిపోయారు. బయట ఇద్దరికి కలిపి నెలకు 22,000 అడిగారు. పదకొండేళ్ల ఉద్యోగాన్ని అలా వదులుకున్నాను. పార్లమెంటులో గొంతు పెంచడానికి నా గొంతు ఎందుకు తగ్గించుకోవాలో పెద్దాయన గారు చెప్పాలి.

మాంబళం కుర్రాడు (ఉదయం 11.20)
దక్షిణ కొరియా ఎంత డబ్బు పోసినా 2023లో స్త్రీకి సగటున 0.72 బిడ్డ దగ్గరే నిలిచింది. ఉపన్యాసాలతో పిల్లలు పుట్టరు.

పెరంబూరు పెద్దాయన (మధ్యాహ్నం 12.10)
వనజమ్మా, మీ కష్టాన్ని కాదనను. కానీ ఆంధ్రలో స్త్రీకి సగటున 1.7, తమిళనాడులో 1.8 బిడ్డలే పుడుతున్నారని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తరం నిలవడానికి 2.1 ఉండాలి. బీహారులో అది 3.0. సౌకర్యాలన్నీ అమిరాకే కంటామంటే ఏ తరమూ కని ఉండేది కాదు. మా అమ్మ కరెంటు లేని ఇంట్లో, బావి నీళ్లు తోడుకుంటూ ఏడుగురిని పెంచింది. ఈ కాలపు ఆడపిల్లలకు చదువు పెరిగింది, ఓపిక తగ్గింది.

వేళచ్చేరి వనజ (మధ్యాహ్నం 12.25)
మీ అమ్మగారు పెంచింది ఏడుగురిని సరే. కన్నది ఎందరిని?

పెరంబూరు పెద్దాయన (మధ్యాహ్నం 12.50)
తొమ్మిదిమందిని. ఇద్దరు ఏడాది నిండకుండానే పోయారు. అది చర్చకు సంబంధించినది కాదు.

వేళచ్చేరి వనజ (మధ్యాహ్నం 1.30)
అదే చర్చ. ఆ 2.1లో ఇద్దరు తల్లిదండ్రుల స్థానాన్ని నింపడానికి, మిగిలిన 0.1 పెద్దయ్యేలోగా పోయే పిల్లలకు, ఆడపిల్లలు కొంచెం తక్కువగా పుట్టడానికి. మీ అమ్మగారు లెక్కకు అందని ఆ దశాంశాన్ని చేతులతో మోశారు, మీరు దానికి ఓపిక అని పేరు పెట్టారు. ఎనభైలలో ‘మేమిద్దరం మాకిద్దరు’ అని గోడల మీద ఎర్ర త్రికోణం గీసిన రోజుల్లో కూడా ఆపరేషను బల్ల ఎక్కింది ఎక్కువగా ఆడవాళ్లే. మీరు చెప్పిన ఆ సర్వేలోనే ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలను కనే వయసులో ఉన్న పెళ్లయిన ఆడవాళ్లలో పదికి దాదాపు ఏడుగురు ఆపరేషను చేయించుకున్నవారు, మగవారి ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. ఆపమన్నప్పుడు మేమే, కనమన్నప్పుడు మేమే. మీ తరం మగవాళ్లు ప్రభుత్వం కోసం ఏం వదులుకున్నారో ఒక్కటి చెప్పండి!

సైదాపేట సుబ్బు (మధ్యాహ్నం 1.34)
వనజ గారూ, పెద్దవారితో కాస్త నెమ్మదిగా.

అంబత్తూరు లెక్కలు (మధ్యాహ్నం 2.15)
ఓటరు సంగతి కాసేపు పక్కన పెడదాం. 7.21 కోట్లను 39తో భాగిస్తే స్థానానికి సుమారు 18.5 లక్షలమంది. తమిళనాడులో ఏడాదికి పుట్టేవారు పది లక్షలకు లోపే. ఒక్క స్థానం పెరగాలన్నా ఇప్పుడు పుట్టేవారు కాక ఇంకా దాదాపు రెండేళ్ల పుట్టుకలు అదనంగా కావాలి. 2027 మార్చికి అది జరిగే పని కాదు.

మాంబళం కుర్రాడు (మధ్యాహ్నం 2.18)
అంటే పసిబిడ్డ లెక్కలోకి వస్తుందని ఒప్పుకున్నట్టేనా?

అంబత్తూరు లెక్కలు (మధ్యాహ్నం 2.19)
ఒప్పుకోలేదు. పక్కన పెట్టాను.

పెరంబూరు పెద్దాయన (సాయంత్రం 5.45)
నూటికి ఒకటి కూడా లేదన్నారు. ఆ లేని ఒక్కణ్ణి నేను.

1976లో నాకు ఇరవై ఎనిమిదేళ్లు. మద్రాసులో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. కరుణానిధి గారి ప్రభుత్వాన్ని రద్దు చేసి రాష్ట్రపతి పాలన పెట్టిన ఏడాది అది. మా విభాగంలో ఇంతమంది ఆపరేషను చేయించుకోవాలని లెక్క వచ్చింది. పై అధికారి జాబితా ముందు పెట్టుకుని, ఒక బిడ్డ ఉన్నాడు కదా, చాలు, లేకపోతే ఇంక్రిమెంటు సంగతి నేను చెప్పలేను అన్నాడు. ఆ ఏడాది దేశమంతటా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారని మీరు పుస్తకాల్లో చదివి ఉంటారు. అందులో ఒకటి నాది. బల్ల దిగాక పంచె గట్టిగా బిగించి కట్టుకుని బస్సులో నిలబడే ఇంటికి వచ్చాను. కూర్చుంటే నొప్పి. మా అబ్బాయికి అప్పుడు పదకొండు నెలలు. వాడికి తోబుట్టువు లేకుండా పోయింది. వాడు అమెరికాలో ఉన్నాడు, వాడికీ ఒక్కతే కూతురు. రెండో బిడ్డను కనమని కోడలిని పదేళ్లు అడిగాను. నేను అడగడం మానేసేసరికి ఆవిడ మా ఇంటికి రావడం మానేసింది. మా ఆవిడ పోయాక నా రేషను కార్డులో ఒక్క పేరే మిగిలింది. ఎవరు ఏం వదులుకున్నారో చెప్పమన్నారు కనుక చెప్పాను.

కొరుక్కుపేట వాసి (సాయంత్రం 6.02)
దండాలు పెద్దాయనా.

వేళచ్చేరి వనజ (రాత్రి 8.40)
నేను వాడిన గొంతుకు క్షమించండి. కానీ వాదాన్ని వెనక్కి తీసుకోను. ఇప్పుడు మీ మాటల వల్లే అది ఇంకా గట్టిపడింది. ఇంక్రిమెంటు చూపించి మీ చేత సంతకం పెట్టించుకున్న అధికారికి ఆ రోజు దేశం అవసరం కనిపించింది, మీరు కనిపించలేదు. కోడలిని పదేళ్లు అడిగినప్పుడు మీకు మీ ఇంట్లోని వెలితి కనిపించింది, ఆవిడ కనిపించలేదు. ఇక్కడ ఉదయం రాసిన మొదటి టపాలో పార్లమెంటు స్థానాలు కనిపించాయి. తగ్గించమన్నా పెంచమన్నా అడిగే తీరు ఒక్కటే. స్థానాల అన్యాయం మీద మీతో పాటు సంతకం పెట్టడానికి నేను సిద్ధమే. జనాభా తగ్గించిన రాష్ట్రానికి శిక్ష పడకూడదు. దాన్ని సరిచేయవలసింది చట్టసభలో, మా గర్భాలలో కాదు.

ఒక్క ప్రశ్న అడుగుతాను, ఇష్టమైతేనే జవాబు చెప్పండి. ఆ రోజు ఆఫీసుకు వెళ్లే ముందు మీ ఆవిడను అడిగారా?

అంబత్తూరు లెక్కలు (రాత్రి 9.10)
రాజ్యాంగం 81వ అధికరణ చూశాను. అక్కడ ‘జనాభా’ అనే ఉంది, ‘ఓటర్లు’ అని లేదు. పసిబిడ్డ లెక్కలోకి వస్తుంది. ఉదయం నేను రాసింది తప్పు. మధ్యాహ్నం చేసిన భాగహారం మాత్రం తప్పు కాదు.

పెరంబూరు పెద్దాయన (రాత్రి 10.25)
అడగలేదు వనజమ్మా. వచ్చాక చెప్పాను. ఆవిడ పిల్లాడికి చారన్నం కలుపుతోంది. నేను చెప్పింది విన్నది, కలపడం ఆపలేదు. ఆ తరవాత ఎన్నడూ దాని గురించి మాట్లాడుకోలేదు.