పై 4తో చప్పుడు లేని మ్యూజిక్ స్ట్రీమర్: డాక్ హ్యాట్ మేలా, యూఎస్‌బీ డాక్ మేలా?

శ్రుతిపెట్టె:
బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే కంప్యూటర్, ఇక్కడ 'పై' అంటే ఇదే), 2 జీబీ. స్టీరియో యాంప్ వెనక ఆర్‌సీఏ ఇన్‌పుట్ ఒకటి ఖాళీ. పెట్టేది పడకగదిలో, కాబట్టి ఫ్యాన్ వద్దు, స్పీకర్లలో గుయ్యిమనే రొద అసలే వద్దు. వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన) ఫైళ్లు, అప్పుడప్పుడు ఇంటర్నెట్ రేడియో. బోర్డు మీది హెడ్‌ఫోన్ జాక్ సంగతి ఎత్తకండి. అది పీడబ్ల్యూఎం (ఆన్-ఆఫ్ పల్సులతో శబ్దం పుట్టించే పద్ధతి), దాన్ని డాక్ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది) అనలేం. ఆలాపన ఆగి తంబుర ఒక్కటే మిగిలినచోట వెనకాల బుస తెలిసిపోతుంది.

నా ఓటు బోర్డు నెత్తిన కూర్చునే హ్యాట్‌కే. ఒకే డబ్బా, ఒకే పవర్ వైరు, మధ్యలో యూఎస్‌బీ గొడవ లేదు. కాదనేవాళ్లు కారణాలతో రండి.

టంకంతీగ:
కాదంటాను. హ్యాట్‌లన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. చౌక వాటికి సొంత క్లాక్ ఉండదు, ఐ2ఎస్ (పాట డాక్‌కి చేరే లైన్) క్లాక్ పై బోర్డు నుంచే రావాలి. 44.1 కిలోహెర్ట్జ్ పాటకి బిట్ క్లాక్ 2.8224 మెగాహెర్ట్జ్ కావాలి. పై 4 మీదున్న క్రిస్టల్ 54 మెగాహెర్ట్జ్. దాన్ని ఏ పూర్ణసంఖ్యతో భాగించినా ఆ అంకె రాదు. అందుకని చిప్ భాగహారాన్ని అటూ ఇటూ జరుపుతూ సగటున సరిపెడుతుంది. జిట్టర్ (క్లాక్ తడబాటు) పుట్టేది అక్కడే. అసింక్రనస్ యూఎస్‌బీ డాక్‌లో క్లాక్ డాక్ లోపలే ఉంటుంది, పై బోర్డు అది అడిగినప్పుడల్లా డేటా అందించే గుమాస్తా మాత్రమే.

గోదారిగట్టు:
టంకంతీగ గారూ, మీరన్నది సగమే. రెండు ఆసిలేటర్లున్న హ్యాట్‌లు ఎప్పటినుంచో ఉన్నాయి: 44.1, 88.2, 176.4లకి 22.5792 మెగాహెర్ట్జ్‌ది, 48, 96, 192లకి 24.576ది. అప్పుడు క్లాక్ హ్యాట్ చేతిలో ఉంటుంది, పై దాని వెనక నడుస్తుంది. హైఫైబెర్రీ డాక్ 2 ప్రో ఈ తరహాదే. కొనేముందు బోర్డు ఫొటో చూడండి. చిన్న లోహపు ఆసిలేటర్ డబ్బాలు రెండు కనిపించకపోతే అది మీరు చెప్పిన చౌక రకమే అనుకోవచ్చు.

యూఎస్‌బీ మీద జనానికున్న అనుమానం పై 3 కాలం నాటిది. అందులో ఈథర్నెట్, నాలుగు యూఎస్‌బీ పోర్టులు అన్నీ ఒకే యూఎస్‌బీ 2 దారిలో పోవాలి. నెట్‌వర్క్ నుంచి హై రిజల్యూషన్ ఫైలు లాగుతూ అదే దారిలో డాక్‌కి పంపితే టిక్కు టిక్కుమనేది. పై 4లో ఈథర్నెట్ దారి వేరు. కాబట్టి శ్రుతిపెట్టె గారు చెప్పిన 'యూఎస్‌బీ గొడవ' కూడా ఈ బోర్డుకి వర్తించదు.

మూడోపిన్ను:
మీరిద్దరూ జిట్టర్ దగ్గరే ఆగిపోయారు. ఆయన అడిగింది గుయ్యిమనే రొద గురించి. అది నూటికి తొంభై పాళ్లు గ్రౌండ్ లూప్ (పరికరాల గ్రౌండ్‌లు రెండు దారుల్లో కలిసి చుట్టు ఏర్పడటం), డాక్ ఏ రకమైనా వస్తుంది. హ్యాట్ అయితే పై గ్రౌండే ఆర్‌సీఏ గ్రౌండ్. యూఎస్‌బీ డాక్ అయితే అదే గ్రౌండ్ యూఎస్‌బీ తీగ గుండా వెళ్తుంది. తేడా ఏముంది?

పరీక్ష సులువు. పైని అడాప్టర్ నుంచి తీసి పవర్ బ్యాంక్ మీద నడపండి, యాంప్ వాల్యూమ్ ఎప్పటిలాగే ఉంచండి. రొద పోతే తప్పు అడాప్టర్ దారిలో ఉంది. పోకపోతే ఈథర్నెట్ తీగ పీకి చూడండి. ఈథర్నెట్ జాక్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి మామూలు తీగలోంచి గ్రౌండ్ దాటదు. కానీ చివర్లు లోహపు తొడుగుతో ఉన్న షీల్డెడ్ తీగ వాడితే ఆ షీల్డే రూటర్ గ్రౌండ్‌ని తెచ్చి పై బోర్డుకి అంటగడుతుంది. ఎక్కువ ధర పెట్టి కొన్న తీగే కొంప ముంచేది ఇక్కడే. ప్లాస్టిక్ కొనల మామూలు క్యాట్ 5ఈ చాలు.

ఇవేవీ పని చేయకపోతే ఆప్టికల్. టాస్‌లింక్ అవుట్‌పుట్ ఉన్న హ్యాట్, ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న డాక్. వెలుతురులో గ్రౌండ్ ప్రయాణించదు. 96 కిలోహెర్ట్జ్ వరకు బెంగ లేదు, 192 దగ్గర చాలా జతలు మొరాయిస్తాయి.

యాంప్ ప్లగ్‌లోని మూడో (ఎర్త్) పిన్ను తీసేసి లూప్ తెంపమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రొద పోతుంది, షాక్ నుంచి కాపాడేదీ పోతుంది.

శ్రుతిపెట్టె:
మరి మామూలు స్విచింగ్ అడాప్టర్ బదులు లీనియర్ పవర్ సప్లై? అది పెడితే వేదిక విశాలంగా (గొంతు, వాద్యాలు విడివిడిగా పరుచుకున్నట్టు) వినిపిస్తుందని చాలామంది రాస్తున్నారు కదా.

టంకంతీగ:
రాస్తారు. పై 4కి కావలసింది 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్, పొట్టి తీగ. ఫోన్ ఛార్జర్‌కి సన్నని తీగ తగిలిస్తే బోర్డు చేరేసరికి వోల్టేజీ పడిపోతుంది. 4.63 దిగువకి వస్తే పై హెచ్చరిక ఇస్తుంది. కానీ తెర లేని స్ట్రీమర్‌లో ఆ మెరుపు గుర్తు చూసేదెవరు? లోపలికి లాగిన్ అయి vcgencmd get_throttled అని అడగండి. సున్నా వస్తే క్షేమం. సున్నా ఎక్స్ 50000 అని వస్తే బూట్ అయిన తర్వాత ఎప్పుడో వోల్టేజీ పడింది, వేగమూ తగ్గింది అని అర్థం. ముందు ఇది సరిచేసి, ఆ తర్వాత వేదిక వైశాల్యం కొలుచుకోండి.

లీనియర్‌లో ఇంకో తిరకాసు. 9 వోల్టులు లోపలికి, 5 బయటికి అయితే ఒక్కో ఆంపియర్‌కి 4 వాట్లు వేడిగా పోతుంది. మే నెల విజయవాడలో, తలుపులున్న టీవీ క్యాబినెట్‌లో ఆ వేడి పెట్టుకుని ఫ్యాన్ వద్దంటే ఎలా?

గోదారిగట్టు:
వేడి మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ యూఎస్‌బీ పక్షానికి ఒక మార్కు ఇవ్వాల్సిందే. ఫ్లాక్ విప్పడం పై 4కి లెక్కలోది కాదు. చిప్ మీద థర్మల్ ప్యాడ్ ఆనే అల్యూమినియం కేసు ఉంటే 80 డిగ్రీల గీత (అక్కడ చిప్ వేగం తగ్గించుకుంటుంది) దరిదాపులకి కూడా పోదు. చిక్కేమిటంటే, ఆ కేసుల్లో చాలావాటిలో హ్యాట్‌కి చోటుండదు. 40 పిన్నుల హెడర్‌ని పైకి పొడిగించే ఎక్స్‌టెండర్ కొనాలి, అప్పుడు డాక్ కేసు బయట తేలుతుంది. నిండా మూసిన లోహపు కేసులో వైఫై కూడా నీరసపడుతుంది.

అదే పై 4కన్నా చిన్నదైన పై జీరో 2 డబ్ల్యూ అయితే నేను హ్యాట్ వైపే. డేటా పోర్టు ఒక్కటే, అదీ మైక్రో యూఎస్‌బీ. వేడి తక్కువ, ధర తక్కువ. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. సీడీ నాణ్యత సెకనుకి 1.4 మెగాబిట్లే కాబట్టి చాలు, కానీ వైఫై పవర్ సేవ్ ఆపేయాలి. లేకపోతే పాట మధ్యలో తడబడవచ్చు.

మూడోపిన్ను:
పాటలు యూఎస్‌బీ డిస్క్‌లో పెడితే ఎస్‌ఎస్‌డీయే పెట్టండి, తిరిగే డిస్క్ గరగర రాత్రిపూట డాక్ బుసకంటే పెద్దది. దాన్ని నీలం పోర్టులో పెడితే యూఎస్‌బీ 3 రొద 2.4 వైఫైని తినేస్తుంది. నల్ల పోర్టులో పెట్టండి, సంగీతానికి ఆ వేగం ఎక్కువే.

కరెంటు కోతల సంగతి ఎవరూ ఎత్తలేదు. హఠాత్తుగా ఆగితే ఎస్‌డీ కార్డు పాడవుతుంది. పైకోర్‌ప్లేయర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ బూట్ అయ్యాక ర్యామ్‌లోనే నడుస్తుంది, వైరు పీకేసినా దాదాపు భయం లేదు. కానీ మార్చిన సెట్టింగ్ బ్యాకప్ కాకపోతే రీబూట్‌తో మాయం.

శ్రుతిపెట్టె:
నా ఓటు మారలేదు, ఎక్స్‌టెండర్ కొంటాను. రెండు ఆసిలేటర్ల హ్యాట్ వచ్చేలోపు ఊదారంగు పీసీఎం 5102 చిన్న బోర్డు తగిలిస్తే మెనూలో డాక్ కనిపిస్తోంది, పాట నడుస్తోంది, శబ్దం మాత్రం సున్నా. ఎందుకు?

టంకంతీగ:
మ్యూట్‌లో ఉండి ఉంటుంది. బోర్డు వెనక నాలుగు జంపర్లు చూడండి. 1, 2, 4 ఎల్ వైపు, 3 మాత్రం హెచ్ వైపు టంకం పెట్టాలి. మూడోదే మ్యూట్ పిన్ను, ఖాళీగా వదిలితే గొంతు రాదు. ముందువైపు ఎస్‌సీకే (సిస్టమ్ క్లాక్ పిన్ను) దగ్గరున్న రెండు మచ్చల్ని కూడా కలిపేయండి, లేకపోతే ఆ పిన్ను గాల్లో వేలాడుతూ పిచ్చి శబ్దాలు చేస్తుంది. తీగలు: బీసీకే 12వ పిన్నుకి, ఎల్‌సీకే 35కి, డిన్ 40కి, గ్రౌండ్ 39కి, పవర్ 2కి. తీగలు బెత్తెడు దాటనివ్వకండి.

గోదారిగట్టు:
శబ్దం రాగానే ప్లేయర్‌లో వాల్యూమ్ స్థిరంగా పెట్టి, యాంప్ నాబ్‌తోనే తగ్గించుకోండి. అయితే ముందు నాబ్ కిందికి దించండి. ఆ బోర్డు పూర్తి స్థాయిలో 2.1 వోల్టులు ఇస్తుంది. నాబ్ లేని పవర్ యాంప్ అయితే ఈ పద్ధతి పనికిరాదు, ప్లేయర్ వాల్యూమ్ 20 దగ్గర మొదలుపెట్టండి.