7 కిలోల ఫ్రంట్ లోడ్‌లో దుప్పటి వేస్తే స్పిన్‌లో ఊగిపోతోంది, ఎన్ని బట్టలు వెయ్యాలి?

మూడో_అంతస్తు:
మాది 7 కిలోల ఫ్రంట్ లోడ్, 1200 స్పిన్ (నిమిషానికి 1200 చుట్లు). రోజువారీ బట్టలకు ఏ గొడవా లేదు. డబుల్ కాట్ దుప్పటి ఒక్కటే వేస్తే మాత్రం చివర్లో గడగడా ఊగుతుంది. మిగిలిన టైము తగ్గాల్సింది పోయి మళ్లీ పెరుగుతుంది. ఒక్కోసారి యూఈ అని చూపించి, దుప్పటి నీళ్లోడుతుండగానే ఆగిపోతుంది. ఒక్క దుప్పటికే ఇలాగైతే 7 కిలోలు ఎలా ఉతుకుతుంది? ఇంకో సమస్య, నల్ల ప్యాంట్ల మీద తెల్లటి చారలు. మావి బోరు నీళ్లు. బట్టలు ముందు బకెట్‌లో సర్ఫు వేసి నానబెట్టి, తర్వాత మెషిన్‌లో వేస్తాం.

సర్వీస్_బెంచ్:
ఒక్కటే వెయ్యడం వల్లే ఊగుతోందండీ. కిలో దుప్పటి నీళ్లు పీల్చుకుంటే సులువుగా మూడు కిలోలవుతుంది. అది ముద్దగా చుట్టుకుని డ్రమ్ములో ఒక పక్కనే ఉండిపోతుంది, రెండో పక్క దానికి ఎదురు బరువు ఉండదు. 1200 స్పిన్‌లో డ్రమ్ము అంచున ఉన్న బట్ట తన బరువుకు 350 రెట్లకు పైనే బలంతో బయటికి లాగుతుంది. ఆ లెక్కన అరకిలో తేడా ఉన్నా బేరింగులకు ఎంత దెబ్బో ఊహించుకోండి. అందుకే మెషిన్ స్పిన్ వేగం పెంచే ముందు నెమ్మదిగా తిప్పి బరువు చూసుకుంటుంది. సరిగ్గా లేకపోతే అటూ ఇటూ తిప్పి బట్టలు సర్దుతుంది. మీ టైము పెరిగేది అప్పుడే. ఎన్నిసార్లు తిప్పినా సర్దుకోకపోతే యూఈ వేసి ఆగిపోతుంది. అది మెషిన్ తనను తాను కాపాడుకోవడమే, పాడవడం కాదు.

దుప్పటితో పాటు రెండు తువ్వాళ్లు, నాలుగు దిండు గలీబులు, రెండు మూడు నైటీలు వెయ్యండి. చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటే డ్రమ్ము చుట్టూ పరుచుకుంటాయి. రెండు దుప్పట్లు వేసినా పర్లేదు, కానీ ఒకదాన్ని మడత పెట్టి ముద్దలా తోసెయ్యకుండా విప్పి, అంచు పట్టుకుని విడివిడిగా లోపలికి వదలండి. గలీబులకూ బొంత కవర్లకూ జిప్పు, గుండీలు పెట్టెయ్యండి. లేదంటే సాక్సులు, జేబురుమాళ్లు అన్నీ వాటిలోకి దూరి బంతిలా తయారై, మళ్లీ అదే ఊపు.

ఇక 7 కిలోలంటే పొడిగా ఉన్న నూలు బట్టల బరువు, అదీ కాటన్ ప్రోగ్రాంలో మాత్రమే. సింథటిక్‌కి దాదాపు సగమే లెక్క. చాలా మెషిన్లలో క్విక్ వాష్‌కి 2 కిలోలే, ఉన్నికి అంతే లేదా ఇంకా తక్కువ. మాన్యువల్‌లో ఒక్కో ప్రోగ్రాం ఎదురుగా బరువు రాసి ఉంటుంది, ఎవరూ చూడరు. అంచనాకి: చొక్కా 200-250 గ్రాములు, జీన్స్ 600-700, టర్కీ తువ్వాలు 500 అటూఇటూ, డబుల్ దుప్పటి 800 నుంచి కిలో దాకా. తూకం అక్కర్లేదు. నింపాక డ్రమ్ము పైకప్పుకీ బట్టలకీ మధ్య అరచెయ్యి నిలువుగా పెట్టండి. నొక్కకుండా పడితే సరే, పట్టకపోతే రెండు బట్టలు తీసెయ్యండి.

ఉతుకు_బండ:
చారల సంగతి. ఫ్రంట్ లోడ్‌లో నీళ్లు అడుగునే కొంచెం ఉంటాయి. బట్టల్ని పైకి ఎత్తి కింద పడెయ్యడం వల్లే మురికి పోతుంది. మీరు బకెట్‌లో చేత్తో ఉతికే పొడిలో నానబెట్టి అలాగే వేస్తున్నారు కదా, ఆ నురగంతా డ్రమ్ములోకి వస్తోంది. నురగలో పడ్డ బట్టకు దెబ్బ తగలదు, జాడింపూ సరిగా కాదు. దాని మీద మెషిన్ పొడి కూడా వేస్తే చారలు రాక మానవు. ఇంకో నష్టం, నానిన బట్టల బరువు చూసి మెషిన్ ఎక్కువ బట్టలున్నాయనుకుంటుంది.

నానబెట్టాల్సిందే అనుకుంటే మామూలు నీళ్లలో నానబెట్టి పిండి వెయ్యండి. కాలరు మురికికి లిక్విడ్ రెండు చుక్కలు రుద్దితే చాలు. ఫ్రంట్ లోడ్ అని రాసిన, నురగ తక్కువొచ్చేదే వాడండి. బోరు నీళ్లకి ప్యాకెట్ మీద చెప్పినదానిలో గట్టి నీళ్ల (హార్డ్ వాటర్) కొలత పాటించండి, నల్లా నీళ్లకి అంత అవసరం లేదు. ఉతికేటప్పుడు అద్దంలోంచి చూస్తే అడుగున రెండు వేళ్ల మందం నురగ ఉంటే చాలు, సగం అద్దం తెల్లబడితే డోసు ఎక్కువైనట్టే. నల్లవి తిరగేసి వేసి, అదనపు రిన్స్ పెట్టండి. హీటరు ఉంటే 40 డిగ్రీల్లో పొడి బాగా కరుగుతుంది. ఆ హీటరు మీద బోరు నీళ్ల పొరలు పేరుకుంటాయి కాబట్టి, రెండు మూడు నెలలకోసారి ఖాళీ డ్రమ్ముతో డీస్కేలింగ్ పొడి తిప్పండి.

నీళ్ల_ట్యాంకు:
సెమీ ఆటోమేటిక్ ఉన్నవాళ్లకి కూడా చెప్తాను. డ్రయ్యర్ తొట్టికి ఉతికే తొట్టి అంత బరువు పట్టదు, కాబట్టి ఒక విడత బట్టల్ని రెండుసార్లుగా పిండండి. తొట్టి గోడ చుట్టూ సమానంగా పరిచి, పైన ఆ చిల్లుల ప్లాస్టిక్ మూత నొక్కి పెట్టాలి. అది పారేసి తిప్పితే పైనున్న బట్ట లేచి బయటి తొట్టిలోకి జారి ఇరుక్కుంటుంది, ఒక్కోసారి మోటారే బిగుసుకుంటుంది.

టాప్ లోడ్‌లో చీరలు అడుగున తిరిగే పల్సేటరు పళ్లెం చుట్టూ తాడులా మెలిపడతాయి. ఒక్కో చీర వదులుగా మడిచి ఒక్కో వల సంచిలో వెయ్యండి, రవికల హుక్కులు పెట్టండి. జరీ చీరలు చేత్తోనే.

మూడో_అంతస్తు:
ధన్యవాదాలు. తువ్వాళ్లు కలిపి వేస్తే ఊగడం దాదాపు పోయింది. పరుపు మీద వేసే వాటర్‌ప్రూఫ్ కవరు కూడా దీంట్లో వెయ్యొచ్చా?

సర్వీస్_బెంచ్:
స్పిన్‌తో వెయ్యకండి. అది నీళ్లు దాటనివ్వదు కాబట్టి లోపల సంచిలా నీళ్లు ఆగిపోతాయి. స్పిన్ వేగం అందుకున్నాక ఆ మడత తెరుచుకుని నీళ్లు ఒక్కసారి పక్కకి పోతే బరువు క్షణంలో మారిపోతుంది, మెషిన్ చోటు నుంచే కదులుతుంది. రెయిన్‌కోటుకీ అదే. లేబుల్ మీద మెషిన్ వాష్ అని ఉన్నా స్పిన్ లేకుండా ఉతికి, దండెం మీద నీళ్లు కారనివ్వండి.

మిగతా బట్టలు వేసినా కొంచెం ఊగుతోందంటే కాళ్లు చూడండి. ఎదురెదురు మూలలు చేత్తో నొక్కితే మెషిన్ ఊగకూడదు. ఊగితే కాలు సరిచేసి, ఆ కాలికున్న నట్టు బిగించండి. ఇల్లు మారినప్పుడు డ్రమ్ము కదలకుండా వెనక రవాణా బోల్టులు పెట్టి ఉంటే, తీశారో లేదో కూడా చూసుకోండి. చాలా మెషిన్లలో ముందు కింద ఒక పక్కన చిన్న మూత వెనక డ్రైన్ ఫిల్టరు ఉంటుంది, నెలకోసారి పళ్లెం పెట్టి విప్పండి. జేబుల్లో మర్చిపోయిన చిల్లర, పిన్నులు అక్కడే దొరుకుతాయి.