'పుత్రపౌత్ర పారంపర్యంగా' అంటే కూతురి బిడ్డలు రారా?

తిరుపతి నుంచి అందరికీ నమస్కారం. అడిగేది ఒక్క మాట గురించే. కానీ ఆ మాట వెనక మా ఇంటి ఆడవాళ్ల పాత బాధ ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

మా అమ్మ ట్రంకుపెట్టెలో ఒక మరణశాసనం (వీలునామా) నకలు దొరికింది. మా అవ్వకు అవ్వ ఉంది కదా, ఆమె తండ్రి రాయించినది. పైన 'ఉత్తర ఆర్కాడు జిల్లా చంద్రగిరి తాలూకా' అని, తేదీ దగ్గర 'తారణ నామ సంవత్సరం' అని ఉంది. తారణ అంటే 1884-85. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అందుకే ఆ పాత పేరు. ధాత కరువులో కుదువపెట్టిన చేను మళ్లీ విడిపించుకున్నానని కూడా అందులో రాయించాడు. 1876లో మొదలైన ఆ కరువును దాటి భూమి నిలబెట్టుకున్న మనిషి, దాన్ని పంచేటప్పుడు ఒక్కో మాటా ఎంత ఆలోచించి చెప్పి ఉంటాడు!

కూతురికి ఇచ్చిన చోట వాక్యం ఇది: 'నా స్వార్జితమయిన చెరువుకింద రెండు కయ్యలు పసుపుకుంకుమ నిమిత్తం నా కుమార్తెకు యిచ్చినాను గనుక పుత్రపౌత్ర పారంపర్యముగా ఆచంద్రార్కం అనుభవించుకోవలసినది.'

ఆమెకు ఇద్దరూ ఆడపిల్లలే. ఆమె పోయాక అన్నదమ్ముల వైపువాళ్లు పంచాయితీ పెట్టించారట. 'పుత్రపౌత్ర అని రాసుంది, పుత్రులు లేరు, కాబట్టి భూమి పుట్టింటికే రావాలి' అన్నారట. కయ్యలు వాళ్లకే పోయాయి. ఇప్పుడు వాటిని తిరిగి అడగాలని కాదు. ఆ మాటకు నిజంగా ఆ అర్థం ఉందా అన్నదే నాకు కావాలి.

చంద్రగిరి నుంచి, రిటైరైన తెలుగు పండితుడు:
అమ్మా, ముందు వ్యాకరణం చూద్దాం. సుందరం నుంచి సౌందర్యం వచ్చినట్టే పరంపర నుంచి పారంపర్యం. ఒకరి తర్వాత ఒకరుగా తెగకుండా సాగడం. పౌత్రుడు కొడుకు కొడుకు, కూతురి కొడుకు దౌహిత్రుడు. ఇంతవరకే చూస్తే వాళ్ల వాదన సరిగ్గానే కనిపిస్తుంది. కానీ పాణిని ఒక సూత్రం చెప్పాడు: 'భ్రాతృపుత్రౌ స్వసృదుహితృభ్యామ్'. కొడుకునూ కూతురునూ కలిపి చెప్పాల్సినప్పుడు పుత్ర శబ్దం ఒక్కటే నిలుస్తుంది, కూతురు అందులోనే ఇమిడిపోతుంది. కాబట్టి 'పుత్ర' అన్నంత మాత్రాన ఆడబిడ్డను బయటికి నెట్టినట్టు కాదు.

గుంటూరు నుంచి:
కయ్య అంటే తగువు కదండీ? రెండు కయ్యలు ఇవ్వడమేమిటి?

తిరుపతి నుంచి, నేనే:
మీరనే తగువు కయ్యం, ఇది కయ్యి. చిత్తూరు వైపు వరి వేసే మడిని కయ్యి అంటాం, ఎక్కువుంటే కయ్యలు. మా ఊళ్లో ఇప్పటికీ 'కయ్యికి నీళ్లు కట్టొస్తా' అనే అంటారు.

చిత్తూరు నుంచి, వకీలు:
పండితులవారు చెప్పింది శబ్దం సంగతి. దస్తావేజులో ఈ మాటను వేరేగా చదవాలి. ఇక్కడ అది వారసులను ఒక్కొక్కరినీ ఎంచే జాబితా కాదు, హక్కు ఎలాంటిదో చెప్పే మాట. తీసుకున్నవాళ్లతో ఆగిపోకుండా వాళ్ల వారసులకు దిగే పూర్తి హక్కు అని దాని భావం. 1881లో ప్రీవీ కౌన్సిల్ ముందుకు, అంటే అప్పట్లో మనకు పైకోర్టుగా ఉన్న లండన్ న్యాయస్థానం ముందుకు, ఒక బెంగాలీ మరణశాసనం వచ్చింది. అందులోనూ ఇదే మాట, 'పుత్రపౌత్రాది క్రమే' అని. ఆడమనిషికి రాసినా అది వంశపారంపర్యమైన సంపూర్ణ హక్కునే ఇస్తుందని తేల్చారు. అంటే మీ కాగితం రాయించడానికి మూడు నాలుగేళ్ల ముందే.

ఇంకొకటి. 'స్వార్జితం' అన్న మాటను వదలకండి. కొడుకులతో ఉమ్మడిగా ఉన్న పిత్రార్జితాన్ని మరణశాసనంతో ఒకరికి రాసే వీలు తండ్రికి ఉండేది కాదు. సొంతంగా సంపాదించింది ఇవ్వొచ్చు. అందుకే ఆయన ఆ మాట ముందే వేయించాడు.

పలమనేరు నుంచి:
సార్ 'వీలు' అన్నారు కాబట్టి ఒక చిన్న మాట. వీలునామాలో ఉన్నది ఆ తెలుగు 'వీలు' కాదు. ఇంగ్లీషు విల్లుకు పారశీ 'నామా' చేరింది, రాజీనామాలో ఉన్న నామానే. మేడం దగ్గరున్న కాగితంలో మరణశాసనం అనే ఉండటం నాకు నచ్చింది.

తిరుపతి నుంచి, శాసనాలు చదివే మిత్రుడు:
అక్కా, తిరుమల గోడల మీది తమిళ శాసనాల్లోనూ దీనికి దగ్గరి మాటే ఉంటుంది. కైంకర్యానికి డబ్బో గ్రామమో ఇచ్చిన దాతకు ప్రసాదంలో భాగం ఉండేది, సాధారణంగా నాలుగో వంతు. ఆ భాగం 'సంతాన పరంపరగా, చంద్రాదిత్యవరై' నడవాలని చెక్కించేవారు. చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతవరకు అని. మీ కాగితంలోని ఆచంద్రార్కం కూడా అదే, అర్కుడు అంటే సూర్యుడు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం అని రాయించిన మనిషి, మనవడు పుట్టకపోతే ఒక్క తరంతో ఆగిపోవాలని అనుకుంటాడా?

తిరుపతి నుంచి, నేనే:
అందరికీ దండాలు. వకీలు సార్ మాట చదివాక నకలు మళ్లీ మొదటినుంచీ చూశాను. భార్యకు ఇచ్చిన చోట 'ఆమె జీవించియుండువరకు అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులు' అని ఉంది. అక్కడ పారంపర్యం లేదు, ఆచంద్రార్కం లేదు. కూతురి దగ్గర రెండూ ఉన్నాయి. ఒక తరంతో ఆపాలంటే ఎలా రాయాలో ఆయనకు తెలుసు, భార్య విషయంలో అలాగే రాయించాడు. కూతురి విషయంలో కావాలనే రాయించలేదు. ఇన్నాళ్లూ ఆ వాక్యాన్ని ఒక్కదాన్నే చదివాం, పైనున్నదాంతో కలిపి ఎవరూ చదవలేదు.

మధ్యాహ్నం రెండు వాక్యాలూ అమ్మకు చదివి వినిపించాను. రెండోసారి చదవమంది.

చెక్కుబందీ (భూమికి నాలుగు వైపుల హద్దులు) ఉన్న పేజీ రేపు ఫొటో తీసి పెడతాను. 'తూర్పు కపిలబావి' వరకు చదవగలిగాను. ఆ తర్వాతి మాట మడత పడి చిరిగింది, పాత రాత అలవాటున్నవాళ్లు చూసి చెప్పండి.